తిరిగి ఫోన్ రాకుండా మెసేజ్ రాయడం ఎలా? కాశీబుగ్గ జీడిపప్పు వ్యాపారంలో నేర్చుకున్నది

నేను శ్రీకాకుళం జిల్లాలో పలాసని ఆనుకుని ఉన్న కాశీబుగ్గలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో ఆర్డర్లు, ఖాతాలు చూస్తాను. పొద్దున్న తొమ్మిదింటికి కుర్చీలో కూర్చున్నానంటే రాత్రి వరకు చెవి దగ్గర ఫోను, చేతిలో వాట్సాప్, కిటికీ అవతల లోడింగు. ఇన్నేళ్లలో సరుకు బాగోక పోయిన డబ్బు కొంత చూశాను, కానీ మాట సరిగ్గా అందక పోయిన డబ్బు అంతకంటే ఎక్కువ చూశాను. మీది కిరాణా కావచ్చు, ఆమదాలవలసలో బియ్యం మిల్లు కావచ్చు, విజయనగరంలో బట్టల షాపు కావచ్చు, ఇంట్లో కూర్చుని పచ్చళ్లు పార్సిల్ చేసేవాళ్లు కావచ్చు, ఇది అందరికీ పనికొస్తుంది.

ట్రైనింగ్ క్లాసుల్లో ఏడు ‘సి’లు అని చెప్తారు: స్పష్టత, క్లుప్తత, మర్యాద, ఇలా ఏడు. మంచివే, ఒక్కదాన్నీ కాదనను. కానీ గేటు బయట లారీ హారన్ కొడుతుంటే ఏడూ ఎవరికి గుర్తొస్తాయి? నేను ఒక్కటే చూసుకుంటాను. నేను పంపింది చదివాక అవతలాయన మళ్లీ నాకు ఫోన్ చేసి ఏదైనా అడగాల్సి వచ్చిందా? వస్తే ఆ మెసేజ్ ఫెయిల్. కింద రాసిందంతా ఆ తిరుగు ఫోను రాకుండా చూసుకునే పద్ధతి.

1. ఫోన్ చేతిలోకి తీసుకునే ముందు

ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇది చదివాక అవతలాయన ఏం చేయాలి? డబ్బు వేయాలా, లారీ పంపాలా, సరే అనాలా, లేక ఊరికే తెలుసుకుంటే చాలా? అది మీకే తెలియకపోతే రాయకండి, పావుగంట ఆగండి. మనం చాలాసార్లు మన టెన్షన్ తగ్గించుకోవడానికి మెసేజ్ పెడతాం, అవతలాయన పని జరగడానికి కాదు. “సార్ ఒకసారి మాట్లాడాలి” అని పెట్టి వదిలేస్తాం చూడండి, అది అలాంటిదే. పాపం ఆయన ఏం కొంప మునిగిందో అని కంగారుగా ఫోన్ చేస్తే మనం అడిగేది టిన్నుల మీద లేబుల్ రంగు.

ఏం చేయాలో తేలిపోతే దాన్ని మొదటి వాక్యంలోనే పెట్టండి. “నమస్తే సార్, 40 టిన్నుల ఆర్డరు ఖాయం చేయమని అడుగుతున్నాను, వివరాలు కింద ఉన్నాయి.” అంతే. మన దగ్గర ముందు కుశలం అడగకపోతే మొహం చిట్లిస్తారని ఒక భయం ఉంది. ఎదురుగా కూర్చున్నప్పుడు అది నిజమే, టీ తాగకుండా బేరం మొదలుపెట్టిన మనిషిని మా ఊళ్లో ఎవరూ నమ్మరు. కానీ వాట్సాప్‌లో తెర మీద కనిపించేది పై రెండు లైన్లే, ఆ రెండూ “బాగున్నారా, పిల్లలు బాగున్నారా”తో నిండిపోతే అసలు సంగతి తెరిచేవరకూ కనబడదు, ఆయన తీరిక దొరికినప్పుడు చూద్దామని పక్కన పెట్టేస్తాడు.

2. అంకెలు, తేదీలు, కొలతలు

అన్నిటికంటే ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే కాబట్టి కాస్త నిలబడి చెప్తాను.

ముందు ‘రేపు’ సంగతి. కొన్నేళ్ల కిందట హైదరాబాద్ పార్టీ (అంటే మా దగ్గర సరుకు కొనే వ్యాపారి) ఒకరికి గురువారం రాత్రి పన్నెండూ ఇరవైకి మెసేజ్ పెట్టాను, “రేపు పొద్దున్న లోడు బయల్దేరుతుంది సార్” అని. నా లెక్కలో రేపంటే శుక్రవారం, ఎందుకంటే నేనింకా నిద్రపోలేదు, నాకది గురువారమే. ఆయన శుక్రవారం పొద్దున్న లేచి చదివి, రేపంటే శనివారం అనుకున్నాడు, అది ఆయన తప్పా? శనివారం బయల్దేరితే సోమవారం దిగుతుందని హమాలీలను సోమవారానికి చెప్పుకున్నాడు. లారీ ఆదివారం తెల్లారేసరికి వెళ్లి మూసి ఉన్న గోడౌన్ ముందు నిలబడింది. డ్రైవరు హాల్టింగ్ చార్జి అడిగాడు, పార్టీ నాది కాదన్నాడు, చివరికి మేమే కట్టాం. మా ఓనరుగారు ఒక్క మాట అనలేదు, చీటీ చూసి, కళ్లజోడు తీసి తుడుచుకుని, “ఏ రేపు బాబూ?” అన్నారు. అంతే. ఆ రోజు నుంచి నేను రేపు, ఎల్లుండి, వచ్చే వారం అనే మాటలు వ్యాపారంలో రాయలేదు. తేదీ, వారం, రెండూ రాస్తాను. రెండూ ఎందుకంటే ఒకటి తప్పు పడితే రెండోది పట్టిస్తుంది, “14 శనివారం” అని రాస్తే ఎవరో ఒకరు “14 శుక్రవారం కదండీ” అంటారు.

పండగలు కూడా అంతే. “సంక్రాంతికి సెలవు” అని జైపూర్ సేటుకి రాస్తే ఆయన లెక్కలో అది ఒక్కరోజు. మనకి భోగి, సంక్రాంతి, కనుమ, ముక్కనుమ, ఆ తర్వాత పని చేసేవాళ్లు ఊళ్ల నుంచి తిరిగి రావడానికి ఇంకో రోజు. రథసప్తమికి సగం మంది అరసవల్లి వెళ్తారని ఆయనకెలా తెలుస్తుంది? సిరిమానోత్సవం రోజు విజయనగరం పార్టీకి ఫోన్ చేసి “ఎందుకు ఎత్తడం లేదు” అని బయటివాళ్లు అడిగిన సంగతి నేను విన్నాను. పండగ పేరు రాయండి, పక్కనే “ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు లోడింగు ఉండదు” అనీ రాయండి.

ఇక సరుకు. కొత్తగా చేరిన కుర్రాడు ఒకసారి పార్టీకి పెట్టిన మెసేజ్ ఇది:

“సార్ 320 40 పంపుతున్నాం రేపు రేటు మామూలే”

మా ఆఫీసులో కూర్చున్నవాళ్లకి ఇందులో లోపం కనబడదు. 320 అంటే గ్రేడు అని, అంటే ఒక పౌనుకి, సుమారు 454 గ్రాములకి, 320 గింజల వరకు తూగే గుండు (విరగని) పప్పు అని మాకు నిద్రలో లేపినా తెలుసు. కానీ అవతల చదివేది కొనే సేటు కాదు, ఆయన గోడౌన్‌లో నిన్న చేరిన గుమస్తా. 40 ఏమిటి, టిన్నులా కేజీలా? రేపు ఏది? మామూలు రేటంటే పోయిన నెలదా, పోయిన వారానిదా? కిరాయి ఎవరిది? ఇందులో నాలుగు తిరుగు ఫోన్లు ఉన్నాయి.

అదే మెసేజ్ ఇలా రాయాలి (ధర ఊరికే ఉదాహరణకి వేశాను):

“ఆర్డరు ఖాయం చేయగలరు.
డబ్ల్యూ 320 గుండు, 10 కేజీల టిన్నులు 40, మొత్తం 400 కేజీలు.
కేజీ రూ. 830, జీఎస్టీ అదనం. లారీ కిరాయి మీది.
లోడింగు పలాసలో నవంబరు 14, శుక్రవారం సాయంత్రం 4కి.
అడ్వాన్సు రూ. 50,000 గురువారం లోపు. మిగతాది సరుకు దిగిన 7 రోజుల్లో.
ఏదైనా తేడా ఉంటే ఈ రోజు 6 లోపు చెప్పండి. లేకపోతే ‘ఓకే’ అని ఒక్కమాట పెట్టండి.”

ఆ చివరి లైను మర్చిపోకండి. నీలం టిక్కులు పడ్డాయంటే చదివారని అర్థం, ఒప్పుకున్నారని కాదు. ఈ రెంటికీ మధ్య తేడా తెలియక గొడవపడ్డ వ్యాపారులు మా వీధిలోనే ఉన్నారు.

కొలత కూడా విడిగా రాయండి. మా దగ్గర జీడిపిక్కలు బస్తాల్లో మాట్లాడతాం, మా చుట్టుపక్కల ఉద్దానం ప్రాంతపు రైతుకి బస్తా అంటే 80 కేజీలు. బయటి ఊరివాడికి బస్తా అంటే 50 కావచ్చు, ఇంకోటి కావచ్చు. “100 బస్తాలు (80 కేజీలవి)” అని రాయడానికి ఎంతసేపు పడుతుంది చెప్పండి.

3. ఫోన్‌లో మాట్లాడాక రాసి పంపండి

బేరం ఫోన్‌లోనే తెగుతుంది, అది మారదు, మారక్కర్లేదు. గొంతు వింటేనే ఎదుటివాడు దిగుతాడో లేదో తెలుస్తుంది. కానీ ఫోన్ పెట్టేసిన అయిదు నిమిషాల్లో “ఇప్పుడు మనం అనుకున్నది” అని మొదలుపెట్టి నాలుగు లైన్లు పంపండి. పరిచయం ఉన్నవాళ్ల దగ్గర ఇలా చేయడానికి మొహమాటపడతాం, “నా మీద నమ్మకం లేదా” అంటారని. మేనమామ వరస అయ్యే ఆయన ఒకరు నాతో అలాగే అన్నారు. “నమ్మకం లేక కాదు మావయ్యా, నా మతిమరుపు మీద నాకు నమ్మకం లేదు” అన్నాను, నవ్వి ఊరుకున్నారు. ఇప్పుడు నేను పంపడం ఆలస్యమైతే ఆయనే “ఏటి, రాయలేదేటి?” అని అడుగుతారు.

ఇంకో సంగతి. రాసి పెట్టుకున్నది రేపు కోర్టు దాకా వెళ్లినా పనికొస్తుంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలో ఎలక్ట్రానిక్ రికార్డుల్ని సాక్ష్యంగా తీసుకునే ఏర్పాటు ఉంది, దానికి తగిన సర్టిఫికెట్ జతచేయాలి. అందుకని పాత చాట్లు ఫోన్ నిండిపోయిందని చెరిపేయకండి, ముఖ్యంగా బాకీ ఉన్న పార్టీవి.

ఫోన్‌లో అంకెలు చెప్పేటప్పుడు విడివిడిగా పలకండి. సిగ్నల్ సరిగ్గా లేకపోతే డెబ్భై, తొంభై ఒకేలా వినిపిస్తాయి. “ఏడు, ఎనిమిది, సున్నా” అనండి, అవతలాయన చేత తిరిగి చెప్పించుకోండి. హిందీ పార్టీలతో ఇంకా జాగ్రత్త. మనకొచ్చిన హిందీ సినిమా హిందీ. వాళ్లు “సాఢే సాత్ సౌ” అంటే ఏడు వందల యాభై, “పౌనే ఆఠ్ సౌ” అంటే ఏడు వందల డెబ్భై అయిదు, “డేఢ్ సౌ” అంటే నూట యాభై, “ఢాయీ సౌ” అంటే రెండు వందల యాభై. నేను మొదట్లో పౌనే ఆఠ్ సౌని ఎనిమిది వందలు అనుకుని సంబరపడిపోయాను. కేజీ దగ్గర పాతిక తేడా, 400 కేజీల మీద పదివేలు. బతికిపోయిందేమిటంటే ఆ మాట తర్వాత రాతలో చూసుకున్నాం.

ఒడిశాలోని బరంపురం పార్టీలతో ఈ గొడవ లేదు, అక్కడ చాలామందికి తెలుగు వచ్చు, బేరంలో మనకంటే బాగా వచ్చు.

4. భాష: మీరు మాట్లాడేదే రాయండి

గిడుగు రామమూర్తి పంతులు పుట్టింది మన శ్రీకాకుళం జిల్లాలోనే, వంశధార ఒడ్డున పర్వతాలపేటలో, 1863 ఆగస్టు 29న. వాడుక భాషలో రాయండి, చదువు నేర్పండి అని జీవితమంతా పోరాడిన మనిషి, ఆయన పుట్టినరోజే తెలుగు భాషా దినోత్సవం. ఆ జిల్లాలోనే ఉండి మనం బ్యాంకుకి లెటర్ రాయాలంటే “తమరికి విన్నవించుకొనునది ఏమనగా” అని మొదలుపెట్టి, అయిదో లైనుకి కూడా విషయంలోకి రాం. రాసేవాడికి అదేదో గౌరవంలా ఉంటుంది, చదివే ఉద్యోగికి అది తలనొప్పి.

బ్యాంకుకైనా, కరెంటు ఆఫీసుకైనా, మున్సిపాలిటీకైనా లెటర్ ఇలా రాయండి. పైన తేదీ, ఎవరికి. తర్వాత ‘విషయం’ అని ఒక లైను, “కరెంటు సర్వీసు నం. ఫలానా, సెప్టెంబరు నెలకి రెండుసార్లు కట్టిన బిల్లు, ఒకటి వాపసు కోరుతూ.” అంతకు ముందు రాసిన లెటర్లుంటే ‘సూచిక’ అని వాటి తేదీలు. తర్వాత జరిగింది మూడు, నాలుగు వాక్యాల్లో, తేదీల వరసలో. ఆ తర్వాత మీకేం కావాలో విడిగా ఒక వాక్యం. చివర జతపరిచిన కాగితాల పేర్లు. రెండు ప్రతులు తీసుకెళ్లి ఒకటి ఇచ్చి, రెండోదాని మీద అందినట్టు ముద్ర, తేదీ, సంతకం వేయించుకోండి. ఈ ముద్ర వేయమని అడగడానికి చాలామంది జంకుతారు. జంకితే మళ్లీ అదే ఆఫీసుకి మూడుసార్లు తిరగాలి, నేను తిరిగాను.

యాస గురించి కూడా ఒక మాట. మన ఉత్తరాంధ్ర యాస విని బయటివాళ్లు నవ్వుతారని కొందరు ఫోన్‌లో గొంతు మార్చి, పేపరు భాష మాట్లాడతారు. దాంతో మాట బిగుసుకుపోతుంది, బేరం రాదు. యాసతోనే మాట్లాడండి. ఒక్క జాగ్రత్త మాత్రం కావాలి. మనం ‘సూద్దాం లెండి’ అంటే మనకి అది కాదనడమే, మర్యాదగా కాదనడం. బయటి పార్టీ దాన్ని ‘చూసి చెప్తాడు’ అనుకుని వారం ఎదురుచూస్తాడు. ‘అయిపోద్ది’ కూడా అంతే, ఏ రోజుకి అయిపోద్దో చెప్పకపోతే దానికి విలువ లేదు. కాదనాలంటే కాదనండి, “ఈ రేటుకి మాకు గిట్టదు సార్, 850 అయితే ఇవ్వగలను, లేకపోతే ఈసారికి వదిలేద్దాం.” కోపం రాదు. వారం తిప్పించుకుంటే వస్తుంది.

5. బాకీ అడగడం

ఇదే అందరికీ కష్టమైన మెట్టు, నాకూ అంతే. సరుకు అమ్మేటప్పుడు గలగలా మాట్లాడేవాళ్లం, డబ్బు అడిగేటప్పుడు మాత్రం నీళ్లు నములుతాం. ఒక నెల ఊరుకుంటాం, రెండో నెల లోపల ఉడికిపోతాం, మూడో నెల ఒకరోజు కోపంలో రాయకూడనిది రాసేస్తాం. నేను రాశాను. ఏం రాశానో ఇక్కడ చెప్పను కానీ, డబ్బు వచ్చింది, పార్టీ పోయింది.

దానికి మందు, గడువు రాకముందే మొదటి మెసేజ్ పంపడం. అప్పుడు అది అడగడం కాదు, గుర్తుచేయడం. మూడు రోజుల ముందు:

“నమస్తే సార్. బిల్లు నం. 214, తేదీ సెప్టెంబరు 3, రూ. 1,84,000. గడువు అక్టోబరు 3, శుక్రవారం. సరుకులోగానీ తూకంలోగానీ ఏమైనా తేడా ఉంటే ఇప్పుడే చెప్పండి, సరిచూస్తాను.”

ఈ చివరి వాక్యంలో ఒక కిటుకు ఉంది. డబ్బు ఆలస్యం చేసేవాళ్లు గడువు దాటాక ‘అయినా మీ సరుకులో విరిగిన ముక్క ఎక్కువొచ్చింది’ అని మొదలుపెడతారు. ముందే అడిగి, ఆయన ‘ఏం లేదు’ అన్నాక ఆ దారి మూసుకుపోతుంది.

గడువు దాటిన రెండో రోజు ఇంకోటి, అదే బిల్లు నంబరుతో, ఒక్క ప్రశ్నతో: “ఏ తేదీకి వేయగలరు సార్?” ‘ఎప్పుడు వేస్తారు’ అంటే ‘త్వరలో’ అంటారు. ఏ తేదీకి అంటే తేదీ చెప్పక తప్పదు. చెప్పిన తేదీని మళ్లీ మీరు రాసి పంపండి. ఆ తేదీ కూడా దాటితే అప్పుడు మెసేజ్ కాదు, ఫోన్. ఫోన్‌లో మొదట వినండి. నిజంగానే ఆయనకి కిందినుంచి డబ్బు రాలేదేమో, ఇంట్లో హాస్పిటల్ ఖర్చు ఏదైనా ఉందేమో. మొత్తం కాకపోయినా సగమైనా వేయమని, మిగతాదానికి వాయిదా తేదీలు చెప్పమని అడగండి.

అప్పటికీ కదలకపోతే చట్టం ఉంది, చాలామందికి తెలియదు. మీది ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థలకి కేంద్రం ఇచ్చే నమోదు) ఉన్న సూక్ష్మ లేదా చిన్న తరహా యూనిట్ అయితే, 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) అభివృద్ధి చట్టం ప్రకారం కొన్నవాళ్లు రాతపూర్వకంగా అనుకున్న గడువులోపు డబ్బు కట్టాలి, ఆ గడువు కూడా 45 రోజులు దాటకూడదు. రాతలో ఏమీ అనుకోకపోతే 15 రోజులే. ఆలస్యమైతే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకి మూడు రెట్లు వడ్డీ, అది కూడా నెలనెలా చక్రవడ్డీ. కేంద్ర ఎంఎస్ఎంఈ శాఖ ఆన్‌లైన్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టుకోవచ్చు. పైగా 2024 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన ఆదాయపు పన్ను మార్పుతో, గడువులో కట్టకపోతే కొన్నవాడు ఆ కొనుగోలును, డబ్బు నిజంగా కట్టిన సంవత్సరంలోగానీ ఖర్చుగా చూపించుకోలేడు. ఇది తయారుచేసేవాళ్లకి, సేవలు అందించేవాళ్లకి వర్తిస్తుంది. కొని అమ్మే వ్యాపారులకి ఈ ఆలస్యపు వడ్డీ రక్షణ లేదు, కాబట్టి మీది ఏ కోవలోకి వస్తుందో ఆడిటర్‌ని అడిగి చూసుకోండి.

అలాగని చట్టాన్ని మొదటి మెసేజ్‌లోనే తీయకండి. నేను మార్చి నెలలో, ఖాతాలు ముగించే టైములో, మెల్లగా ఒక లైను పెడతాను, “మీ ఆడిటర్‌గారు కూడా 45 రోజుల సంగతి అడుగుతారేమో సార్, 31 లోపు సర్దితే ఇద్దరికీ బాగుంటుంది” అని. చాలాసార్లు అది చాలు.

6. చెడ్డ కబురు మనమే ముందు చెప్పాలి

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా పలాస దగ్గరే తీరం దాటింది. ఉద్దానంలో జీడితోటలు, కొబ్బరిచెట్లు నేలకొరిగాయి. కరెంటు లేదు, ఫోన్లు లేవు. నేను అప్పుడు పనిలో కొత్త. దీపావళి సరుకు ఆర్డర్లు చేతిలో ఉన్నాయి, షెడ్డు రేకులు లేచిపోయాయి. ఓనరుగారు పార్టీల నంబర్లున్న నోటుపుస్తకం ప్లాస్టిక్ కవర్లో చుట్టి, నన్ను బండెక్కించుకుని, చెట్లు పడ్డ రోడ్డు మీద సిగ్నల్ దొరికేదాకా శ్రీకాకుళం వైపు వెళ్లారు. రోడ్డు పక్కన కల్వర్టు మీద కూర్చుని ఒక్కొక్కరికీ పంపించారు. ఆయన చెప్తుంటే నేను కొట్టాను:

“తుపాను వచ్చింది. మనుషులందరం క్షేమం. షెడ్డు దెబ్బతింది, మీ సరుకులో సగం తడవకుండా ఉంది. అది అక్టోబరు 20కి పంపగలను. మిగతా సగం దీపావళిలోపు ఇవ్వలేను, మీరు వేరేచోట చూసుకోండి, అడ్వాన్సు తిరిగి ఇస్తాను. మళ్లీ 14న సాయంత్రం మెసేజ్ పెడతాను, అప్పటిదాకా ఫోన్ తగలదు.”

ఏం జరిగింది, మీకు ఏ మేరకు నష్టం, నేనేం చేస్తాను, మళ్లీ ఎప్పుడు చెప్తాను. ఇందులో ‘దయచేసి అర్థం చేసుకోండి’ లేదు, ‘అన్నీ సర్దుకుంటాయి’ లేదు. ఇద్దరు ఆర్డరు వెనక్కి తీసుకున్నారు, మిగతావాళ్లు ఆగారు. 14న మళ్లీ అంత దూరం వెళ్లి పంపించారు కూడా, కొత్తగా చెప్పడానికి ఏమీ లేకపోయినా. ‘ఇంకా కరెంటు రాలేదు, మళ్లీ 17న చెప్తాను’ అని.

మీకు తుపాను అక్కర్లేదు, లారీ ఒక పూట ఆలస్యమైనా ఇదే పద్ధతి. పార్టీ ఫోన్ చేసి అడిగాక చెప్తే అది సాకు, మీరే ముందు చెప్తే సమాచారం.

7. పార్టీ కోపంగా మెసేజ్ పెడితే

వెంటనే సమాధానం చెప్పకండి, కానీ చూశానని వెంటనే చెప్పండి. “చూశాను సార్. టిన్ను మీద లాట్ నంబరు ఫోటో పంపండి, ఒక కేజీలో ముక్క ఎన్ని గ్రాములు ఉందో తూచి చెప్పండి. సాయంత్రం 5లోపు నా మాట చెప్తాను.” ‘మా దగ్గర అలా జరగదు’ అని మాత్రం అనకండి. అంటే ఆయన అబద్ధం చెప్తున్నాడన్నట్టే కదా. తప్పు మనదని తేలితే రెండు వాక్యాల్లో ఒప్పుకుని, ఎంత తగ్గిస్తారో అంకె చెప్పండి. అయిదు పేరాల క్షమాపణ ఎవరికీ వద్దు. గ్రూపులో గొడవ మొదలైతే, ‘ఫోన్ చేస్తున్నాను సార్’ అని గ్రూపులో ఒక లైను పెట్టి విడిగా మాట్లాడండి.

8. మన దగ్గర పనిచేసేవాళ్ల మాట

వ్యాపారంలో మాట అంటే అందరూ పార్టీల గురించే అనుకుంటారు. మా దగ్గర పప్పు గ్రేడింగ్ చేసే అప్ప (మా వైపు అక్కని అలా అంటాం) ఒకామె ఉంది. ఒకరోజు పళ్లెంలో గింజ తీసుకుని, వేళ్లతో నొక్కి, “ఈ పప్పు మెత్తగుంది బావూ” అంది. నేను బిల్లు రాస్తూ తలెత్తకుండా “సర్లే అప్పా” అన్నాను. తను రెండోసారి అనలేదు. మన దగ్గర పెద్దగా చెప్పరు, ఒకసారి అంటారు, మనం వినకపోతే ఊరుకుంటారు. తేమ ఎక్కువై ఆ లాట్‌లో కొన్ని టిన్నులు తిరిగి వచ్చాయి. నేను వెళ్లి అడిగితే, “సెప్పినాను కదా” అంది, అదీ మెల్లగానే.

ఇప్పుడు రోజూ మధ్యాహ్నం భోజనాలకి ముందు షెడ్డులోకి వెళ్లి, చేతిలో ఫోన్ లేకుండా, “ఈ రోజు ఏటి తేడా ఉంది అప్పా?” అని అడుగుతాను. ‘అంతా బాగుందా’ అని అడగను, అలా అడిగితే ‘బాగుంది’ అనే వస్తుంది.

9. వాయిస్ మెసేజ్‌లు

చదవడం రాని రైతుకి, డ్రైవరుకి పంపండి, చాలా మంచిది. మిగతావాళ్లకి వద్దు. మూడు నిమిషాల వాయిస్‌లో అకౌంటు నంబరు ఎక్కడుందో వెతుక్కోవడం ఎంత విసుగో మీకే తెలుసు. తప్పదనుకుంటే అంకెలు, తేదీ మాత్రం కింద టైప్ చేసి పెట్టండి.

10. పంపే ముందు, పంపాక

పంపే ముందు ఒకసారి పైకి చదవండి, పెదవులు కదిలేలా. కళ్లు దాటేసే తప్పుని నోరు పట్టుకుంటుంది. అంకెలు బిల్లు పక్కన పెట్టి చూసుకోండి, లారీ నంబరు మరీ ముఖ్యంగా. రూ. 50,000 దాటిన సరుకుకి ఈ-వే బిల్లు (జీఎస్టీ కింద రవాణాకి తీసే ఆన్‌లైన్ పత్రం) ఉండాలి కదా, మనం మెసేజ్‌లో ఒక అంకె తప్పు పెడితే ఆ తప్పే అందులోకి ఎక్కి, దారిలో లారీ ఆగుతుంది. రాత్రి పదిన్నర దాటాక రాసిన కోపపు మెసేజ్ పొద్దున్న పంపండి.

పంపాక తప్పు కనబడితే, వాట్సాప్‌లో 15 నిమిషాల్లోపయితే దిద్దుకోవచ్చు. అంకె దిద్దితే మాత్రం కింద “పైన ధర సరిచేశాను, 803 కాదు 830” అని ఇంకో లైను పెట్టండి, ఎందుకంటే ఆయన పాతది అప్పటికే చదివి కాగితం మీద రాసుకుని ఉండొచ్చు. 15 నిమిషాలు దాటితే డిలీట్ కొట్టకుండా ‘సవరణ’ అని రాసి సరైనది పంపండి. డిలీట్ కొట్టారంటే అక్కడ ఏదో ఉండేదని గుర్తు ఒకటి మిగిలిపోతుంది, రెండు నిమిషాల్లో ఫోన్ మోగుతుంది, “ఏటండీ, ఏదో పెట్టి తీసేశారు?”